ఫారిన్ సమ్మర్ ప్రోగ్రామా, ఫారిన్ టూరా? డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి

నమస్తే అండీ. ఎండలు ముదరకముందే బీబీఏ, బీకాం, ఎంబీఏ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో బ్రోషర్లు తిరగడం మొదలవుతుంది. "ఇంటర్నేషనల్ బిజినెస్ ఇమ్మర్షన్ ప్రోగ్రామ్, సింగపూర్, ఏడు రోజులు, సర్టిఫికెట్‌తో సహా." అలాంటిదొకటి ఇప్పుడు నా ముందుంది. ఎవరిదో చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క కాలేజీ కథ కాదు.

చదువుతాను, వినండి. మొదటి రోజు ప్రయాణం, హోటల్ చెకిన్. రెండో రోజు పొద్దున ఒక యూనివర్సిటీలో గెస్ట్ లెక్చర్, గ్రూప్ ఫొటో. మధ్యాహ్నం సెంటోసా దీవిలో షికారు. మూడో రోజు పది నుంచి పదకొండున్నర దాకా కంపెనీ విజిట్, ఆ తర్వాత సిటీ టూర్, రాత్రికి లిటిల్ ఇండియాలో భోజనం. నాలుగో రోజు ఇంకో కంపెనీ, ఇంకో గంటన్నర. ఐదో రోజు మొత్తం యూనివర్సల్ స్టూడియోస్. ఆరో రోజు షాపింగ్, సాయంత్రం సర్టిఫికెట్ల ప్రదానం. ఏడో రోజు తిరుగు ప్రయాణం. చదువు కింద వచ్చే గంటలన్నీ కూడితే పది కూడా కావడం లేదు.

సింగపూర్ వెళ్లొద్దని నేను అనడం లేదు. హాయిగా వెళ్లి చూసి రండి. కానీ ఇదే ట్రిప్పుకి ట్రావెల్ ఏజెన్సీ వాడు ఎంత తీసుకుంటాడో కూడా ఒకసారి కనుక్కోండి. తేడా ఎంత ఉంటే, 'స్టడీ' అన్న మాటకి మీరు అంత కడుతున్నట్టు లెక్క.

నేనైతే ఒక్కటే అడుగుతాను. చివర్లో పరీక్ష ఉందా? అందులో ఫెయిలయ్యే అవకాశం ఉందా? వచ్చిన ప్రతివాడికీ ఇచ్చే సర్టిఫికెట్ మీరు అక్కడికి వెళ్లారని చెబుతుంది, అంతే. ఆ మాట చెప్పడానికి విమానం టికెట్టు చాలు.

సరే, పరీక్ష ఉన్న ప్రోగ్రామ్ ఎలా ఉంటుంది? లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌నే తీసుకుందాం. మనలో చాలామందికి ఈ పేరు అంబేడ్కర్ గారి వల్ల తెలుసు. ఆయన 1916లో అక్కడ చేరారు. స్కాలర్‌షిప్ గడువు అయిపోయి మధ్యలోనే తిరిగి రావాల్సి వచ్చింది. మళ్లీ 1920లో వెళ్లి, 1923లో డీఎస్సీ, అంటే డాక్టర్ ఆఫ్ సైన్స్ డిగ్రీ, అందుకున్నారు. ఆ ఎల్‌ఎస్‌ఈలోనే 1989 నుంచి సమ్మర్ స్కూల్ నడుస్తోంది. జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా మూడు సెషన్లు, ఒక్కొక్కటి మూడు వారాలు. సెషన్‌కి ఒక్కటే సబ్జెక్టు. ఫైనాన్స్, అకౌంటింగ్, మేనేజ్‌మెంట్, ఎకనామిక్స్, లా, ఇలా చాలా ఉన్నాయి. 100 లెవెల్ కోర్సులు మొదలుపెట్టేవాళ్లకి, 200, 300 లెవెల్ కోర్సులు ముందు కొంత చదివినవాళ్లకి. స్టాటిస్టిక్స్‌లో మార్కులు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు గొప్పకి పోయి 300 లెవెల్ ఫైనాన్స్ ఎంచుకుంటే, మొదటి వారంలోనే తల పట్టుకుంటారు.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. ఒక సబ్జెక్టుకి 36 గంటల లెక్చర్లు, 18 గంటల క్లాసులు. మొత్తం 54 గంటలు. మన యూనివర్సిటీల్లో నాలుగు క్రెడిట్ల సబ్జెక్టుకి సెమిస్టర్ మొత్తం మీద 60 గంటలు. అంటే ఇక్కడ నాలుగు నెలలు సాగేది దాదాపు అంతా అక్కడ మూడు వారాల్లో ముగుస్తుంది. మామూలుగా ఒక రోజంటే మూడు గంటల లెక్చరు, దాని మీద గంటన్నర క్లాసు. ఈ క్లాసు చిన్న గ్రూపుతో జరుగుతుంది. లెక్చర్ హాల్లోలా చివరి బెంచీలో దాక్కోవడం కుదరదు. ముందురోజు ఇచ్చిన ప్రాబ్లమ్స్ చేసుకుని రావాలి. "ఈ క్యాష్ ఫ్లోకి డిస్కౌంట్ రేటు ఇంతే ఎందుకు వేశావ్?" అని అడిగితే జవాబు చెప్పాలి. పక్కన కూర్చున్నది అమెరికా నుంచో చైనా నుంచో వచ్చిన పిల్ల. ఆమె "నువ్వన్నది నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు" అని మొహం మీదే అంటుంది. మనవాళ్లకి లెక్కలు రాక కాదు, ఇలా అందరి ముందూ వాదించడం అలవాటు లేక టెన్షన్ పడతారు. నా దృష్టిలో మొత్తం ఖర్చులో గిట్టుబాటయ్యేది ఈ గంటన్నరే. లెక్చర్లకేం, యూట్యూబ్‌లో కావలసినన్ని దొరుకుతాయి.

మధ్యలో ఒక మదింపు, చివర ఫైనల్ పరీక్ష. ఆ తర్వాత గ్రేడ్‌తో ట్రాన్‌స్క్రిప్ట్ ఇస్తారు. మామూలుగా దీన్ని 7.5 యూరప్ క్రెడిట్లుగా, లేదా మూడు నాలుగు అమెరికా క్రెడిట్లుగా లెక్కవేస్తారు. సరిగా రాయకపోతే ఆ గ్రేడు కూడా కాగితం మీద అలాగే పడుతుంది. అందుకే ఆ కాగితానికి విలువ.

ఇక డబ్బు సంగతి. ఫీజు, రూము, విమానం, వీసా, తిండి అన్నీ కలిపితే ఐదు లక్షలకు తక్కువలో తెమిలే పని కాదు. మన ఊళ్లలో చాలా డిగ్రీ కాలేజీల్లో మూడేళ్ల ఫీజు మొత్తం ఇంతకంటే తక్కువ. తల్లిదండ్రులు కూడా ఈ వీడియో చూస్తుంటారు కాబట్టి సూటిగా చెబుతున్నాను. అప్పు చేసి పంపేంత అవసరమైన విషయం ఇది కాదు. మాస్టర్స్ కోసం యూకేకో యూరప్‌కో వెళ్లాలని గట్టిగా అనుకుంటున్న పిల్లలకి, అక్కడి చదువు తట్టుకోగలరా లేదా ముందే తెలుస్తుంది. మూడు వారాల్లో తేలిపోతే, ముప్ఫై నలభై లక్షల నిర్ణయం కాస్త తెలివిగా తీసుకోవచ్చు. అలాంటి ఆలోచనేదీ లేని పిల్లలకి ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల మేనేజ్‌మెంట్ కోర్సులు ఉచితంగా ఉన్నాయి, చివర్లో సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్ష కూడా ఉంది. ముందు అది రాసి చూడమనండి.

వీసా దగ్గరే మనవాళ్లు ఎక్కువ తడబడతారు. ఆరు నెలల లోపు చదువుకి యూకేలో స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది. 2025 ఏప్రిల్‌లో దాని ఫీజు 127 పౌండ్లు చేశారు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. బయోమెట్రిక్స్, అంటే వేలిముద్రలు, ఫొటో, హైదరాబాద్‌లోనే ఇవ్వొచ్చు. చిక్కంతా బ్యాంకు స్టేట్‌మెంట్‌తోనే. ఏడాది పొడవునా ముప్ఫై వేలు దాటని ఖాతాలో, అప్లై చేయడానికి వారం ముందు బాబాయి దగ్గర నుంచి ఎనిమిది లక్షలు వచ్చి పడతాయి. ఆఫీసరు ముందు చూసేది అదే. ఆ డబ్బు ఎక్కడిదో కాగితం లేకపోతే రిఫ్యూజల్ వచ్చే అవకాశం బాగా ఉంది. నాన్నగారు ఖర్చు పెడుతుంటే నాన్నగారి ఖాతా, ఆయన ఐటీ రిటర్నులు, స్పాన్సర్ లెటర్ నేరుగా పెట్టండి. దాచాల్సిందేమీ లేదు.

ఇంకో మాట. ఈ వీసా మీద పార్ట్‌టైమ్ పని చేయకూడదు. ఇంటర్న్‌షిప్ కూడా పని కిందికే వస్తుంది. "ప్రోగ్రామ్‌తో పాటు లండన్‌లో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తాం" అని ఏ కన్సల్టెన్సీ వాడైనా అంటే, ఏ వీసా మీద అని అడగండి. అమెరికా అయితే ఇంకా కచ్చితం. క్రెడిట్లు వచ్చే కోర్సు టూరిస్ట్ వీసా మీద చదవడానికి వీల్లేదు.

అక్కడి క్రెడిట్లను మన కాలేజీ లెక్కలోకి తీసుకుంటుందో లేదో కూడా ముందే తేల్చుకోవాలి. అటానమస్ కాలేజీ అయితే అకడమిక్ కౌన్సిల్‌లో పెట్టించి అడగొచ్చు. అఫిలియేటెడ్ కాలేజీ అయితే ప్రిన్సిపాల్ గారు "చూద్దాంలే" అన్నా ఆయన చేతిలో ఏమీ ఉండదు, యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా రావాలి. సిలబస్, గంటలు, పరీక్ష విధానం జత చేసి, ఫీజు కట్టకముందే లెటర్ పెట్టండి. ఒప్పుకోలేదనుకోండి, క్రెడిట్లు లేకపోయినా గ్రేడు కోసమే వెళ్తారా అని మళ్లీ ఆలోచించుకోండి.

ఇంకా ఒక సరదా సంగతి. మూడు వారాలు చదివొచ్చి లింక్డిన్‌లో 'సమ్మర్ స్కూల్' అన్న మాట మింగేసి ఉత్త 'ఎల్‌ఎస్‌ఈ' అని పెట్టుకునేవాళ్లు ఉన్నారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తేదీలు చూస్తారు బాబూ. జూలై నుంచి జూలైకి డిగ్రీ ఎలా అయిందని అడిగితే ఏం చెబుతారు? అక్కడ చదివినంత మాత్రాన రేపు మాస్టర్స్ సీటు ఖాయం అనుకోవడం కూడా భ్రమే.

తిండికి భయపడక్కర్లేదు. ఒకప్పుడు కాలేజీకి దగ్గర్లో, స్ట్రాండ్ రోడ్డు మీద, ఇండియా క్లబ్‌లో దోసెలు దొరికేవి. 2023 సెప్టెంబరులో మూసేశారు, నాకైతే బాధేసింది. ఇప్పుడు అన్నం, సాంబారు మీద మనసు పోతే టెంపుల్ అనే మెట్రో స్టేషన్‌లో డిస్ట్రిక్ట్ లైన్ రైలు ఎక్కండి, మారకుండా ఈస్ట్ హామ్‌లో దిగొచ్చు. అక్కడ దక్షిణాది హోటళ్లకు కొదవ లేదు.

చివరగా తేదీలు. మన సెమిస్టర్ పరీక్షలు జూన్‌లో అంటారు, తర్వాత జూలైకి జరుపుతారు. మొదటి సెషన్‌కి టికెట్ బుక్ చేసుకుని కూర్చున్నాక టైమ్‌టేబుల్ మారిందంటే విమానం డబ్బులు పోయినట్టే. అఫిలియేటెడ్ కాలేజీ పిల్లలు మూడో సెషన్ చూసుకోండి. ఒకవేళ ఆగస్టులో కొత్త సెమిస్టర్ మొదలైతే, ఆ రెండు మూడు వారాల అటెండెన్స్‌కి కాలేజీలో ముందే పర్మిషన్ రాయించుకుని వెళ్లండి.