కార్పెట్ కింద గీత

శ్రోతలకు నమస్కారం.

2019 ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున చెన్నై నుంచి నెల్లూరు బయలుదేరాం. మా మేనకోడలి పెళ్ళి. పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసిన మేనమామను నేనే. తడ దాటామో లేదో, కారు డాష్‌బోర్డు మీద పసుపు దీపాలు ఒకదాని వెనుక ఒకటి వెలిగాయి. మొదట గేరుబాక్సు, తర్వాత బ్రేకు, ఆ తర్వాత స్టీరింగు. బండి మూడో గేరులో బిగుసుకుపోయి, ఈడ్చుకుంటూ కొంతదూరం వచ్చి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు కాలేదు. పట్టుచీరలతో, సారె పళ్ళేలతో మా ఇంటి ఆడవాళ్ళు రోడ్డు పక్కన నిలబడ్డారు. ఆటోలో సూళ్ళూరుపేట చేరి, అక్కడ ఆర్టీసీ బస్సెక్కి, ముహూర్తానికి ముప్పావుగంట ముందు కల్యాణమండపంలో అడుగుపెట్టాను. గంప మోశాను. నా కళ్ళలో నీళ్ళు వచ్చింది సంతోషానికో, ఆ ఉదయం పడిన కంగారుకో ఇప్పటికీ చెప్పలేను.

ఆ కారు కొత్తలో నలభై లక్షలు దాటిన విదేశీ బండి. 2014 మోడల్. నేను 2018లో సెకండ్ హ్యాండులో కొన్నాను. అమ్మినాయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదండీ."

బండిని లారీ మీద ఎక్కించి చెన్నై తెప్పించాను. ఒక పెద్ద సర్వీసు సెంటరులో గేరుబాక్సు మొత్తం మార్చాలన్నారు. అంచనా లక్షల్లో ఉంది. నా మనసు ఒప్పలేదు. పాత కార్ల విడిభాగాలకు పేరుపడ్డ పుదుప్పేట దగ్గర, చిత్తూరు జిల్లా నుంచి వచ్చి చిన్న షెడ్డు నడుపుతున్న ఒక మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన స్కానర్ తగిలించి చూస్తే, ఒకదానితో ఒకటి పొత్తులేని తప్పులు పదకొండు కనిపించాయి. "సార్, ఇన్ని భాగాలు ఒకే రోజున చెడవు. ఇవన్నీ కలిసే చోట ఏదో జరిగింది" అంటూ ముందు సీటు విప్పి కింద కార్పెట్ ఎత్తాడు. రేకు మీద ఎండిన బురద గీత. స్కేలు పెట్టి గీసినట్టు, నాలుగు అంగుళాల ఎత్తున, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా. వైర్లు కలిసే పెట్టెలో రాగి అంతా పచ్చగా కిలుము పట్టి ఉంది.

2015 డిసెంబరు. ఆ నెల గురించి చెన్నైవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. అడయారు నది పొంగి కోట్టూరుపురం, ముడిచ్చూరు మునిగాయి. వేళచ్చేరిలో పడవలు తిరిగాయి. నా కారు అప్పుడు ఏ సెల్లారులోనో నీళ్ళలో నిలబడింది. దాన్ని ఎండబెట్టారు, సువాసన చల్లారు, కార్పెట్ పరిచారు, ఇంకా రెండేళ్ళు నడిపి నాకు అమ్మారు. ఆ గీత సంగతి మాత్రం చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు. మరమ్మతుకు ముప్పై ఎనిమిది వేలు అయింది. నాకు బాధ ఆ ముప్పై ఎనిమిది వేలకు కాదు. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే అదే మరమ్మతు కొన్న వారంలోనే చేయించుకునేవాణ్ణి. పెళ్ళిరోజు మా అక్కయ్య నా కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూడవలసి వచ్చేది కాదు.

ఖరీదైన కార్లను ఎంతవరకు నమ్మవచ్చో మన ఊళ్ళో ఎవరికీ సరిగా తెలియదు. అందుకు కారణం మేమే, వాటి యజమానులం. మేం నిజం చెప్పం. స్కూటరు చెడితే వీధంతా వినేలా తిడతాం. యాభై లక్షల కారు చెడితే గొంతు తగ్గిస్తాం. కొనేటప్పుడు వద్దన్నవాళ్ళు ఇంట్లోనే ఉంటారు, వాళ్ళ ముందు ఒప్పుకోవడానికి ప్రాణం ఒప్పదు. పైగా రేపు అమ్ముకోవాలి కదా అన్న లెక్క ఒకటి.

కొన్నేళ్ళ తర్వాత ఒక ఉగాదికి టి. నగర్‌లో మన తెలుగువాళ్ళు కలుసుకున్న చోట నా కథ దాచకుండా చెప్పాను. అంతకుముందు తమ కార్లు అద్భుతమన్న ముగ్గురు, భోజనాల వేళ ఒక్కొక్కరుగా నా పక్కకు వచ్చారు.

ఒకాయనది అణ్ణానగర్. ఒక ఉదయం చూస్తే ఆయన కారు ముందు ఎడమవైపు నేలకు వాలిపోయి ఉందట, ఎద్దు మోకాలు మడిచినట్టు. అది గాలి సస్పెన్షన్ ఉన్న బండి. ఉక్కు స్ప్రింగుకు బదులు రబ్బరు తిత్తిలో గాలి నింపి కారును మోయిస్తారు. గతుకు తెలియదు, నిజమే. కానీ ఎంత మంచి రబ్బరైనా ఏళ్ళు గడిస్తే బీటలు వారుతుంది. తిత్తి కొంచెం కారుతున్నప్పుడే మారిస్తే ఖర్చు అక్కడితో ఆగుతుంది. పట్టించుకోకపోతే గాలి కొట్టే కంప్రెసర్ తెరిపి లేకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. ఆయనకు రెండూ పోయాయి. రాత్రి నిలిపిన ఎత్తు తెల్లారేసరికి తగ్గుతోందని నెలల ముందే గమనించారట. పని ఒత్తిడిలో వదిలేశారు.

రెండో ఆయన పాత మహాబలిపురం రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంటి నుంచి ఆఫీసుకు తొమ్మిది కిలోమీటర్లు, అంతా ట్రాఫిక్‌లో పాకుడు నడక. డీజిలు బండి. 2020 ఏప్రిల్‌లో బండి పొగను కట్టడిచేసే బీఎస్ 6 నిబంధనలు వచ్చాక డీజిలు కార్లలో మసిని పట్టే వడపోత మామూలైంది. పట్టిన మసిని బండి తనంతట తానే కాల్చుకోవాలి. దానికి పొగగొట్టంలో సుమారు 600 డిగ్రీల వేడి పుట్టాలి. తొమ్మిది కిలోమీటర్ల పాకుడులో అంత వేడి ఎక్కడ పుడుతుంది? మసి పేరుకుని హెచ్చరిక దీపం వెలిగింది, బండి బలం తగ్గింది. ఇంత చిన్న దూరాలు తిరిగేవాళ్ళకు ఈ ఇంజను నప్పదని షోరూములో ఒక్కరూ చెప్పలేదని ఆయన బాధ. ఇప్పుడు ఆయన ఆదివారాలు మహాబలిపురం దాకా వెళ్ళి వస్తున్నారు. అప్పటి నుంచి ఆ దీపం వెలగలేదట.

మూడో ఆమె కీళ్పాక్కంలో డాక్టరు. వారాల తరబడి కారు సెల్లారులోనే ఉండిపోతుంది. రోజుకో కొత్త హెచ్చరిక చూపిస్తుంటే రెండు సెన్సార్లు మార్పించారు. తీరా చూస్తే బలహీనపడింది బ్యాటరీ. ఇలాంటి కార్లలో కంప్యూటర్లు పదుల సంఖ్యలో ఉంటాయి. కరెంటు తగ్గితే ప్రతి కంప్యూటరూ తన బాధ తాను చెప్పుకుంటుంది, జబ్బు మాత్రం ఒక్కటే. ఇంకో సంగతి: కొన్ని జర్మన్ కార్లలో కొత్త బ్యాటరీ పెట్టినట్టు స్కానర్ ద్వారా బండికి తెలియజేయాలి. లేకపోతే ముసలి బ్యాటరీకి పెట్టినట్టే కొత్తదానికీ చార్జి పెడుతుంది. అది తెలియని చేతుల్లో కొత్త బ్యాటరీ తొందరగా పాడవుతుంది.

ఈ ముగ్గురి మాటల్లో మీరు గమనించే ఉంటారు. కార్లన్నీ ముందే చెప్పాయి. మనుషులే చెప్పలేదు, లేదా వినలేదు.

ఇక్కడ గేరుబాక్సు నూనె గురించి కాస్త ఆగి చెప్పాలి. చాలా ఖరీదైన కార్ల పుస్తకాల్లో ఆటోమేటిక్ గేరుబాక్సు నూనెను జీవితకాలం మార్చనక్కరలేదని రాసి ఉంటుంది. ఎవరి జీవితకాలం? ఎన్నో పెద్ద కంపెనీలకు గేరుబాక్సులు చేసి ఇచ్చే జర్మన్ సంస్థ జెడ్.ఎఫ్. మాత్రం, 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల లోపు గానీ ఎనిమిదేళ్ళకు గానీ ఆ నూనె మార్చమంటుంది. గేరుబాక్సు చేసినవాడు ఒక మాట, దాన్ని బిగించి కారు అమ్మినవాడు ఇంకో మాట. మొదటి యజమానికి ఈ తేడా పట్టదు, ఆయన అప్పటికి బండి అమ్మేసి ఉంటాడు. ఎనిమిదో ఏట గేరు పడేటప్పుడు కుదుపు మొదలయ్యేది రెండో యజమానికో, మూడో యజమానికో. నేను 90,000 దగ్గర మార్పించాను. కారిన నూనె నల్లగా, మాడు వాసనతో ఉంది. మీ దగ్గర ఇలాంటి కారు ఉంటే ఈ ఒక్క సంగతి ఇవాళే అడిగి తెలుసుకోండి.

నమ్మకాన్ని కొలిచే సర్వేలు లేకపోలేదు. అమెరికాలో జె.డి. పవర్ సంస్థ మూడేళ్ళ వయసున్న కార్ల యజమానులను అడిగి, వంద కార్లకు ఎన్ని సమస్యలు వచ్చాయో లెక్కగడుతుంది. లెక్సస్ ఎన్నో ఏళ్ళుగా అందులో పై వరుసలో ఉంటోంది. ఆ లెక్క విలువైనదే. కానీ అందులో ఫోను కారుతో కలవకపోవడమూ ఒక సమస్యే, ఇంజను ఆగిపోవడమూ ఒక సమస్యే. పైగా మూడేళ్ళ తర్వాతి జీవితం అందులోకి రాదు. చెన్నై వేడి, సముద్రపు తేమ బండిని కొరకడం మొదలుపెట్టేది ఆ తర్వాతే. తకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల సంగతి గుర్తుందా? వాటిలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి వేడికీ తేమకూ పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు మనుషుల మీదికి ఎగిరాయి. మామూలు కార్లతోపాటు ఖరీదైన కార్లనూ వెనక్కి పిలవవలసి వచ్చింది. 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది.

లోపం ఒప్పుకుంటే పరువు పోతుందని భయపడే కంపెనీలకూ మనుషులకూ నేను తరచు చెప్పే ఉదంతం ఒకటుంది. 1989లో లెక్సస్ తన మొదటి పెద్ద కారు ఎల్.ఎస్. 400ను అమెరికాలో విడుదల చేసింది. కొన్ని నెలలైనా కాలేదు, రెండు ఫిర్యాదులు వచ్చాయి. రెండే. ఆ డిసెంబరులో దాదాపు 8,000 కార్లను వెనక్కి పిలిచారు. యజమానుల దగ్గరి నుంచి బండి తీసుకుని, బాగుచేసి, తిరిగి అప్పగించారు. మూడు వారాల్లోపే పని ముగించారు. ఆ కంపెనీకి నమ్మకమైనదన్న పేరు ఆ నెలలోనే పాతుకుంది.

మన దగ్గరా చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌కు, రెండు కోట్ల వరకు రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళవచ్చు. మీరు ఉండే ఊళ్ళోనే దాఖలు చేయవచ్చు. 1915కు ఫోను చేస్తే దారి చెబుతారు. అయితే సర్వీసు సెంటరులో ఇచ్చే ప్రతి జాబ్ కార్డూ దాచుకోండి. కాగితం లేకపోతే మన మాట నిలవదు.

ఈశాన్య రుతుపవనాల ముందు ఇంకొకటి. నీళ్ళలో ఆగిపోయిన కారును మళ్ళీ స్టార్టు చేయకండి. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేం. సిలిండరులోకి నీరు చేరితే పిస్టన్ దాన్ని గుద్దుకుని లోపలి రాడ్డు వంగిపోతుంది. మామూలు బీమా ఆ నష్టం ఇవ్వదు, ఇంజనుకు విడిగా రక్షణ తీసుకుని ఉండాలి. 2015లోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులోనూ ఎందరో ఆ తాళంచెవి తిప్పే నష్టపోయారు.

నా కారు విషయానికి వస్తే, ఆ మరమ్మతు తర్వాత ఐదేళ్ళలో 60,000 కిలోమీటర్లు నడిచింది. ఒక్కసారే దారిలో ఇబ్బంది. గూడూరు దగ్గర టైరు పంచరైంది. ఈ కారుకు స్టెప్నీ ఉండదు, గాలి పోయినా గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా 80 కిలోమీటర్ల దూరం నడిచే టైర్లు ఉంటాయి. మెల్లగా నెల్లూరు చేరాను. రాత్రివేళ హైవే మీద ఆ బండిలో ఉండే నిశ్శబ్దం, మలుపులో అది రోడ్డును పట్టుకునే తీరు నాకు చాలా ఇష్టం. తడ దగ్గర జరిగినదాన్ని అది తుడిచేయలేదు, తడ దగ్గర జరిగింది దీన్నీ తుడిచేయలేదు. రెండూ నిజమే.

పోయిన ఏడాది దాన్ని అమ్మాను. కొన్ననాటి నుంచి ఒక నోటుపుస్తకంలో ప్రతి మరమ్మతూ తేదీతో, ఖర్చుతో రాసుకున్నాను. పెరంబూరు నుంచి ఒక కుర్రవాడు భార్యతో కలిసి చూడటానికి వచ్చాడు. మధ్యవర్తి వద్దని సైగ చేస్తున్నా, నేను ముందు ఆ పుస్తకం ఇచ్చి, తర్వాత కార్పెట్ ఎత్తి గీత చూపించాను. వాళ్ళు ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. మర్నాడు మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చి, నేను అడిగినదానికి ఎనభై వేలు తగ్గించి అడిగారు. ఒప్పుకున్నాను. "అంకుల్, పుస్తకం కూడా మాకే ఇస్తారా?" అని అడిగింది ఆ అమ్మాయి. చివరి పేజీలో నా ఫోను నంబరు రాసి ఇచ్చాను.

మొన్న ఆ అబ్బాయి ఫోను చేశాడు. వెనుక ఎడమ తలుపు అద్దం దిగడం లేదట. తలుపు దగ్గర వైరు మడతపడే చోట తెగుతుందనీ, అద్దం మోటారు మార్చవద్దనీ, ఐదో పేజీ చూడమనీ చెప్పాను.