ముసాయిదా ప్లాన్‌లో మీ ఇంటి మీదుగా రోడ్డు గీశారా? ఆదివారం ఫోన్-ఇన్

యాంకర్: నమస్తే అండి. ఈ రోజు ఊరు ముందు ముందు ఎలా పెరగాలో చూపే మాస్టర్ ప్లాన్లు, రోడ్డు వెడల్పు, వార్డు కమిటీలు... వీటి గురించి మాట్లాడుకుందాం. టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరైన అధికారి మనతో ఉన్నారు. మొదటి కాల్ వరంగల్ నుంచి. చెప్పండి.

కాలర్ (వరంగల్): నమస్తే సార్. ముసాయిదా ప్లాన్ వచ్చింది అని పేపర్లో చిన్న ప్రకటన వేస్తారు కదా, అసలు ఆ మ్యాప్ ఎక్కడ చూడాలి సార్?

నిపుణుడు: మున్సిపల్ ఆఫీసులో అందరూ చూసేలా పెట్టాలి తమ్ముడూ. కానీ గోడకు తగిలించిన రంగుల మ్యాప్ చూసి వచ్చేయకు. అందులో నీ ఇల్లు చీమంత కూడా కనపడదు. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లోకి వెళ్లి, సర్వే నంబర్లు కనిపించే షీటు చూపించమని అడుగు. నీ సర్వే నంబరు ఏ జోన్‌లో పడింది, దాని మీదుగా ఎన్ని అడుగుల రోడ్డు గీశారు, ఈ రెండూ రాసుకో. ఫోన్‌లో ఫోటో తీసుకో. ఆ తర్వాత అభ్యంతరం ఏదైనా రాసి ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. ఈ మాట ఇవాళ నేను చాలాసార్లు చెప్తాను, విసుక్కోవద్దు.

కాలర్ (వరంగల్): మేం రాస్తే మారుతుందా సార్?

నిపుణుడు: మీ దగ్గరే మారింది కదా! 2022లో ల్యాండ్ పూలింగ్‌ను, అంటే రైతుల భూములు కలిపి ప్లాట్లు చేసి కొంత వాళ్లకు తిరిగిచ్చే పథకాన్ని, రైతులు ఒప్పుకోకపోతే మీ పట్టణాభివృద్ధి సంస్థ కుడా వెనక్కి తీసుకుంది. కదిలితే మారుతుంది.

యాంకర్: థాంక్యూ. తర్వాతి కాలర్, హలో?

కాలర్ (పెద్దాయన): హలో... ఆ... నమస్కారం సార్. నేను ఊరు పేరు చెప్పొచ్చా, చెప్పకూడదా? చెప్పనులెండి, మళ్లీ ఏదన్నా అవుతుంది. జిల్లా కేంద్రమే. మాకు ఇల్లు ఉంది సార్, 1994లో కట్టుకున్నాం. పర్మిషన్ ఉంది, ట్యాక్స్ కడుతున్నాం, ఒక్క ఏడాది కూడా బాకీ లేదు. వెనకాల రెండెకరాల పొలం మా తమ్ముడిది. ఇప్పుడు కొత్త ప్లాన్‌లో అరవై అడుగుల రోడ్డు మా ఇంటి మీదుగానే పోతుందట. మా వాడకట్టులో ఒకాయన చూసొచ్చి చెప్పాడు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు సార్. మా ఆవిడ అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. ఒకటే టెన్షన్. ఇల్లు పోయినట్టేనా సార్?

నిపుణుడు: పోలేదు పెద్దాయనా. ముందు అమ్మగారికి ఆ మాట చెప్పండి. ముసాయిదా అంటే ప్రతిపాదన మాత్రమే. మ్యాప్‌లో గీత గీసినంత మాత్రాన మీ ఇల్లు మున్సిపాలిటీది అయిపోదు. మీ పేరు మీద ఉన్న భూమి తీసుకోవాలంటే వాళ్లు వేరే పని చేయాలి. 2013 భూసేకరణ చట్టం కింద నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలకు 60 రోజులు ఇవ్వాలి, పరిహారం కట్టాలి. లేదంటే మీరు ఒప్పుకుంటే టీడీఆర్ ఇవ్వాలి, అంటే డబ్బుకు బదులు వేరేచోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు పత్రం. కానీ ఒక మాట. ఆ ప్లాన్ అలాగే ఖరారైతే, రేపు మీరు పాత ఇల్లు తీసి కొత్తది కడదామని వెళ్తే, రోడ్డు భాగం వదిలితేనే పర్మిషన్ ఇస్తాం అంటారు. అందుకే ఇప్పుడే రాసి ఇవ్వాలి.

కాలర్ (పెద్దాయన): చెప్పాం సార్. కౌన్సిలర్ ఇంటికి వెళ్లి చెప్పాం. నేను చూసుకుంటా బాబాయ్, నువ్వు ఇంటికి పో అన్నాడు.

నిపుణుడు: రాసి ఇచ్చారా?

కాలర్ (పెద్దాయన): చెప్పాం సార్. పదిమందిమి వెళ్లాం.

నిపుణుడు: రాసి ఇచ్చారా అని అడుగుతున్నానండీ.

కాలర్ (పెద్దాయన): ...లేదు సార్.

నిపుణుడు: అయితే ఫైలులో మీ అభ్యంతరం లేదు. కౌన్సిలర్ మంచివాడే కావచ్చు, కానీ రేపు పైఅధికారి ఫైలు తెరిస్తే అందులో కాగితం ఉండాలి కదా. ఆఖరి తేదీ ఎప్పుడు?

కాలర్ (పెద్దాయన): అది తెలియదు సార్. ఇంకోటి, ఒక బ్రోకర్ వచ్చాడు మొన్న. ఎలాగూ రోడ్డులో పోతుంది, సగం ధరకి ఇచ్చేయ్, నేను చూసుకుంటా అంటున్నాడు. మా తమ్ముడైతే పొలం ఇచ్చేద్దాం అంటున్నాడు. ఇల్లు పోయినట్టేనా సార్ మరి?

నిపుణుడు: పోలేదని చెప్పాను కదా! అమ్మొద్దు. దయచేసి అమ్మొద్దు. రోడ్డు పోతుందని తెలిసి కూడా అతను ఎందుకు కొంటున్నాడో ఒక్కసారి ఆలోచించండి. రోడ్డు పక్కన మిగిలే భూమికి రేటు వస్తుందని అతనికి తెలుసు. నా సర్వీసులో ఇలా భయపడి అమ్ముకుని, తర్వాత ప్లాన్ మారాక ఏడ్చినవాళ్లను చూశాను నేను. మీ తమ్ముడికి ఫోన్ ఇవ్వండి, నేనే చెప్తాను.

కాలర్ (పెద్దాయన): పొలానికి వెళ్లాడు సార్.

నిపుణుడు: సరే. మీరు ఒక పని చేయండి. ఇంట్లో దస్తావేజు, పాత పర్మిషన్ కాగితం, ట్యాక్స్ రసీదు, ఆ పేపర్ ప్రకటన, నాలుగూ వెతికి పక్కన పెట్టుకుని అరగంటలో మళ్లీ కాల్ చేయండి. యాంకర్ గారూ, ఈయన కాల్ తీసుకోండి మళ్లీ.

యాంకర్: తప్పకుండా సార్. తర్వాత తెనాలి నుంచి.

కాలర్ (తెనాలి): సార్, మా వీధిలో గోడల మీద ఎర్ర రంగుతో గీతలు పెట్టి వెళ్లారు. ఎవరు పెట్టారో, ఎందుకో చెప్పలేదు.

నిపుణుడు: మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ కార్యదర్శి అని ఒకరుంటారమ్మా. ఆయన్ని అడగండి, ఏ ప్లాన్ ప్రకారం ఎన్ని అడుగులకు పెట్టారో. చెప్పకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. రాసి ఇవ్వండి, నంబరు తీసుకోండి. వీధి అంతా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం మంచిదే, కానీ ఎవరి ఇంటి నంబరుతో వాళ్లు విడిగా కూడా ఇవ్వాలి.

యాంకర్: థాంక్యూ అండి. హైదరాబాద్ నుంచి ఒకరు.

కాలర్ (హైదరాబాద్): సార్, చెరువు చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన బఫర్ అంటున్నారు కదా, మా ప్లాట్ చెరువుకు వంద అడుగుల దూరంలో...

నిపుణుడు: వంద అడుగులు ఎక్కడి నుంచి కొలిచారు? నీళ్ల అంచు నుంచా, ఎఫ్‌టీఎల్ నుంచా?

కాలర్ (హైదరాబాద్): నీళ్ల దగ్గర నుంచే...

నిపుణుడు: అదే తప్పు. ఎండాకాలం నీళ్లు ఎక్కడో ఉంటాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పటి హద్దు, అక్కడి నుంచి కొలవాలి. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకంటే పెద్ద చెరువైతే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, హెచ్‌ఎండీఏ, చెరువులకు మొదట ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తుంది. అభ్యంతరం ఉంటే అప్పుడు చెప్పాలి. మీ చెరువుది ఏ దశలో ఉందో...

(లైన్ కట్ అయింది.)

యాంకర్: లైన్ పోయింది సార్. ఒక అమ్మగారు ఉన్నారు, చెప్పండమ్మా.

కాలర్ (మహిళ): మా కాలనీ లేఅవుట్‌లో పార్కు స్థలం ఉంది సార్. ఇప్పుడు అందులో ఎవరో కడ్డీలు, ఇసుక దింపారు. అడిగితే మీకెందుకు అంటున్నారు. మేం ఆడవాళ్లం వెళ్లి అడిగితే వింటారా?

నిపుణుడు: ఎందుకు వినరమ్మా? తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి. యువతది, మహిళలది, సీనియర్ సిటిజన్లది, ఊళ్లో ప్రముఖులది. ఒక్కో దాంట్లో 15 మంది. మీ వార్డు మహిళా కమిటీలో ఎవరున్నారో మున్సిపల్ ఆఫీసులో జాబితా అడగండి. చాలాచోట్ల సభ్యులకే తెలియదు వాళ్లు సభ్యులని, నాకు బాధ కలిగించే సంగతి అది. ఇక పార్కు సంగతి. లేఅవుట్ మంజూరైనప్పుడు ఆ ఖాళీ స్థలాన్ని మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ చేయాలి. ఆ డీడ్ కాపీ, మంజూరైన లేఅవుట్ కాపీ, రెండూ ఆర్టీఐలో అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు. కానీ 30 రోజులు ఆగితే అక్కడ గోడ లేస్తుంది. అందుకని రేపే ఫోటోలతో కమిషనర్‌కు ఫిర్యాదు ఇవ్వండి, ఆర్టీఐ పక్కన నడుస్తుంది.

కాలర్ (మహిళ): రసీదు తీసుకోవాలి.

నిపుణుడు: అదీ! మీరే చెప్పేశారు.

యాంకర్: కామారెడ్డి నుంచి ఇంకొకరు.

కాలర్ (కామారెడ్డి): సార్, నమస్తే. ప్రశ్న ఏమీ లేదు. ఇందాక పెద్దాయన మాట విన్నాను. మా దగ్గర ముసాయిదాలో పంట భూముల్ని ఇండస్ట్రియల్ జోన్‌లో పెట్టారు. అభ్యంతరాలకు 2023 జనవరి 11 వరకు గడువు ఉండె. అడ్లూర్ ఎల్లారెడ్డి రైతు ఒకాయన ప్రాణం తీసుకున్నాడు సార్, గడువు ఇంకా ఉండగానే. జనవరి 20న కౌన్సిల్ తీర్మానం చేసి ఆ ముసాయిదా రద్దు చేసింది. రెండు వారాలు ఆగి ఉంటే... పెద్దాయనకు అదే చెప్పాలని చేశాను.

నిపుణుడు: (కాసేపు ఆగి) మంచి పని చేశారు బాబూ. చాలా మంచి పని చేశారు.

యాంకర్: పెద్దాయన మళ్లీ లైన్‌లో ఉన్నారు సార్.

కాలర్ (పెద్దాయన): దొరికాయి సార్, అన్నీ దొరికాయి. ప్రకటన మా మనవరాలు పుస్తకానికి అట్ట వేసుకుంది, అందులోంచి తీశాం. గడువు ఇంకా పన్నెండు రోజులు ఉంది సార్!

నిపుణుడు: చాలు. పన్నెండు రోజులు చాలు. పెన్ను తీసుకోండి. కమిషనర్ గారికి అని మొదలుపెట్టండి. విషయం, ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరం. మీ సర్వే నంబరు, ఇంటి నంబరు, పర్మిషన్ నంబరు, సంవత్సరం. తర్వాత, ఈ ఇంటి మీదుగా అరవై అడుగుల రోడ్డు ప్రతిపాదించారు, దీనివల్ల ఇన్ని గజాలు పోతాయి. మీ దగ్గరలో ఇప్పటికే ఉన్న రోడ్డు ఏదైనా ఉందా?

కాలర్ (పెద్దాయన): ఉంది సార్, కాలువ గట్టు రోడ్డు. అటువైపు అంతా సర్కారు భూమే.

నిపుణుడు: అది రాయండి! వద్దు అని మాత్రమే రాస్తే ఒక వరుసలో తోసేస్తారు. కాలువ గట్టు రోడ్డును వెడల్పు చేస్తే ఇళ్లు పోవు అని రాస్తే దానికి వాళ్లు కారణం చూపాల్సి వస్తుంది. చిన్న స్కెచ్ వేసి జత చేయండి, చేత్తో గీసినా పర్వాలేదు. నన్ను పిలిచి విచారించండి అని ఆఖర్న రాయండి. రెండు కాపీలు. ఒకటి తపాలా సెక్షన్‌లో ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. స్టాంపు వేయం అంటే స్పీడ్ పోస్టులో పంపండి. రేపు సోమవారం కదా, ఇంకో కాపీ కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి.

కాలర్ (పెద్దాయన): మా తమ్ముడి పొలానికి కూడా ఇదే రాయొచ్చా సార్?

నిపుణుడు: ఆయన పేరుతో, ఆయన సర్వే నంబరుతో, ఆయన సంతకంతో విడిగా రాయాలి. బ్రోకర్ మళ్లీ వస్తే?

కాలర్ (పెద్దాయన): అమ్మం సార్.

నిపుణుడు: వాడకట్టులో మిగతా తొమ్మిదిమందికి కూడా ఈ రాత్రికే చెప్పండి.

కాలర్ (పెద్దాయన): ఇక్కడే ఉన్నారు సార్ అందరూ, స్పీకర్‌లో వింటున్నారు. ఒక్క నిమిషం సార్, ఆ కమిషనర్ గారికి అన్న దగ్గర్నుంచి ఇంకోసారి చెప్తారా?

యాంకర్: సార్, టైమ్ అయిపోతోంది...

నిపుణుడు: చెప్తాను ఉండండి. రాసుకోండి పెద్దాయనా. కమిషనర్ గారికి...