బిడ్డను ఎవరు పట్టుకుంటారు?

శ్రోతలకు నమస్కారం.

ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో నేను తెలుగు టీచరుగా పనిచేసిన రోజుల్లో, ఆదివారాలు మా హైస్కూల్లో ఓపెన్ స్కూల్ తరగతులు జరిగేవి. ఒక ఆదివారం పద్యం చెబుతున్నాను. గుమ్మం పక్కన ఓ పిల్ల, చంకలో పసిబిడ్డ. లోపలికి రాదు, వెళ్లిపోదు. "ఎవరు కావాలమ్మా?" అన్నాను.

"టెన్త్ కట్టాను టీచర్. వీడు ఏడిస్తే మీకు ఇబ్బంది. ఇక్కడే నిలబడి వింటాను."

ఆ పిల్లకు 17 ఏళ్లు. బిడ్డకు రెండో నెల. తొమ్మిదో తరగతిలో ఉండగా పెళ్లి చేశారు. ఎందుకు చేశారో మా వైపు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. సంక్రాంతి వెళ్లాక కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరపకోతలకు పోతాయి. ఈడొచ్చిన పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేరు, కూలికి పోకపోతే పొట్ట గడవదు. ఒక అయ్య చేతిలో పెడితే బరువు దిగుతుందనుకుంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా తప్పు తప్పే. 18 ఏళ్లు నిండని పిల్లకు పెళ్లి చేయకూడదని 2006 చట్టం చెబుతోంది. అలాంటి పెళ్లి జరగబోతోందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

కానీ ఈ రోజు నేను మాట్లాడేది పెళ్లి అయిపోయి, కడుపు పండిన పిల్ల గురించి. ఆ పిల్లను ఏం చేద్దాం? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. తెలంగాణలో ఆరుగురికి దగ్గర. మన వీధిలోనూ ఉంటారు. మనం వాళ్లను కోడలుగా చూస్తాం, బాలింతగా చూస్తాం. చదువుకోవాల్సిన పిల్లగా మాత్రం చూడం.

ముందు ఒక మాట. కేసవుతుందేమోనని కడుపుతో ఉన్న పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లకుండా దాచే ఇళ్లు నాకు తెలుసు. దయచేసి దాచకండి. ఎదిగే వయసు ఒళ్లు, పైగా రక్తం తక్కువ. పురుడు ఇంట్లో పోస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఏఎన్ఎమ్మకు, అంటే ఊరి నర్సమ్మకు చెప్పండి, అంగన్‌వాడీలో పేరు రాయించండి.

ఇక చదువు. ఆ పిల్ల మొదట తన పాత బడికే వెళ్లిందట. "పెళ్లయిన పిల్లను కూర్చోబెడితే మిగతా పిల్లలు చెడిపోతారు" అని పంపించేశారట. ఆ మాట విన్నప్పుడు నాకు గుండె కలుక్కుమంది. పెళ్లయిందని బడికి రానివ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు.

ఇలాంటి పిల్లలకు ఓపెన్ స్కూల్ నిజంగా పెద్ద ఆసరా. మన రాష్ట్రంలో 1991 నుంచి ఉంది, తెలంగాణకు ఇప్పుడు విడిగా ఉంది. 14 ఏళ్లు నిండితే టెన్త్ కట్టొచ్చు. రోజూ బడికి రానక్కర్లేదు. అన్ని సబ్జెక్టులూ ఒక్కసారే రాయనక్కర్లేదు. ఈసారి రెండు, వచ్చేసారి రెండు. పాసైనవి పాసైనట్టే ఉంటాయి, మిగతావి ఐదేళ్ల లోపు పూర్తి చేయొచ్చు. పసిబిడ్డ తల్లికి ఇంతకంటే ఏం కావాలి?

కావాలి. పరీక్ష మూడు గంటలు. ఆ మూడు గంటలు బిడ్డను ఎవరు పట్టుకుంటారు? ఫీజు ఎవరో కడతారు, పుస్తకాలు వస్తాయి. బిడ్డను ఎవరు పట్టుకుంటారు? పరీక్షలు దగ్గరపడ్డాక మానేసిన ఏ పిల్లను అడిగినా చివరికి తేలేది ఇదే.

మా పిల్ల తెలుగు, సాంఘికం కట్టింది. పరీక్షలనాటికి బిడ్డకు ఐదో నెల. తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టని వయసు. సెంటరు మండల కేంద్రంలో, బస్సులో ముప్పావుగంట. నేను వాళ్లింటికి వెళ్లాను. అత్తగారు చేటలో కందులు చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"మగ్గానికి పోయేదా, మిరపకోతకు పోయేదా, ఈ పాసు దేనికి టీచరమ్మా?"

నేను వాదించలేదు. మర్నాడు ఏఎన్ఎమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆమె మాటల మనిషి కాదు. వంటింట్లోకి వెళ్లి ఉగ్గుగిన్నె ఏదని అడిగింది. అటక మీది పాత ఇత్తడిది తీయబోతుంటే వద్దని, ఒక స్టీలు గిన్నె, చెంచా వేణ్నీళ్లలో మరిగించమంది. చేతులు సబ్బుతో కడిగించి, పాలు పిండడం ఆ పిల్లకు దగ్గరుండి నేర్పింది. నొక్కేది ఎక్కడ, ఎంత మెల్లగా, అన్నీ. అత్తగారు మూతి ముడుచుకుంది. "పిండిన పాలు పడితే దిష్టి తగలదా?"

"మూత పెట్టి నీడన ఉంచు పెద్దమ్మా. ఆకలేసినప్పుడు చెంచాతో పట్టు. మిగిలితే పారబొయ్యి, సాయంత్రానికి దాచకు" అంది ఏఎన్ఎమ్మ. దిష్టి ఊసే ఎత్తలేదు. ఆ పెద్దావిడ కాసేపు ఆ గిన్నెనే చూసి, "చెంచాతో నేను నా కొడుక్కి పట్టలేదా ఏం" అంది.

తెలుగు పరీక్ష రోజు ముగ్గురూ వచ్చారు. గేటు బయట వేపచెట్టు కొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టింది అత్తగారు. పిల్ల బిడ్డకు కడుపునిండా పాలిచ్చి, హాల్‌టికెట్ పట్టుకుని లోపలికి వెళ్లింది. గంట గడిచింది. బిడ్డ లేచి గుక్కపట్టాడు. చెంచాతో పట్టినా తల తిప్పేసుకున్నాడు. ఆ ఏడుపు లోపలికి వినబడుతుందని నాకు కంగారు. నేనేమీ అనకముందే ఆవిడ బిడ్డను భుజాన వేసుకుని, గిన్నె కొంగులో పట్టుకుని, ఆ ఎండలో బస్టాండు దాకా నడిచి వెళ్లిపోయింది. అరుగు మీద కూర్చుని అక్కడే పాలు పట్టిందట.

బయటికొచ్చాక ఆ పిల్ల నాతో అంది: "వాడి ఏడుపు వినబడింది టీచర్. చెయ్యి ఆగిపోయింది. లేచి వచ్చేద్దామనుకున్నా. ఇంతలో ఏడుపు ఆగింది, మళ్లీ రాశాను." రైకంతా తడిసిపోయి ఉంది. పైట కప్పుకుని బిడ్డ కోసం అటూ ఇటూ చూస్తోంది.

మీ వీధిలో ఇలాంటి పిల్ల ఉంటే, పరీక్ష ఏ రోజో అడిగి పెట్టుకోండి. మీరు పక్కింటి పిన్నిగారు కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు, ఆ పిల్ల మొగుడే కావచ్చు. ఫలానా రోజు, ఫలానా వేళ బిడ్డ నా దగ్గర ఉంటాడని ముందే మాటివ్వండి.

మా పిల్లకు ఆ రెండూ పోయాయనుకునేరు. రెండూ పాసైంది. లెక్కలు మాత్రం మూడోసారికి గట్టెక్కింది. అప్పటికి బిడ్డకు నడకొచ్చింది. ఆ రోజు కూడా గేటు బయట అదే వేపచెట్టు కింద ఆవిడ. వాడు పరుగెత్తుతుంటే వెనకాల పరుగెత్తుతూ నన్ను చూసి కేకేసింది:

"టీచరమ్మా, ఇంటరుకు ఎన్ని పరీక్షలుంటాయి?"

నమస్కారం.