డేటా సెంటర్ పక్కన ఇల్లు: లౌడన్ ఎన్నికల్లో అసలు గొడవ ఏంటి?

యాంకర్: నమస్కారం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీలో డేటా సెంటర్ల, అంటే వేల కంప్యూటర్లు నడిచే భారీ భవనాల రగడ చల్లారడం లేదు. ఇకపై కొత్త డేటా సెంటరేదైనా బహిరంగ విచారణకు వచ్చి అనుమతి తీసుకోవాల్సిందేనని 2025 మార్చిలో సూపర్‌వైజర్ల బోర్డు, అంటే కౌంటీని నడిపే ఎన్నికైన సభ్యుల బోర్డు తేల్చింది. ముగ్గురికీ సమానంగా టైమిస్తాను. మేడమ్, 2027 బోర్డు ఎన్నికల్లో మన తెలుగువాళ్ల ఓటు ఎటు?

యాష్‌బర్న్ గృహిణి: ఓటు సంగతి తర్వాతండీ. ఇంటి వెనక డెక్ మీద కూర్చుంటే రాత్రి పదకొండుకి కూడా పక్క డేటా సెంటర్ నుంచి బుయ్‌మని ఒకటే మోత. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, పక్కన రైస్‌మిల్లు ఉందా అమ్మా అని అడిగారు. అసలు...

రియల్టర్: ఆ రైస్‌మిల్లు కట్టే పన్ను వల్లే మీ ఇంటి పన్ను అదుపులో ఉంది మేడమ్!

గృహిణి: నన్ను పూర్తి చేయనివ్వండి...

రియల్టర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. ఇక్కడ ఎప్పుడూ ఒకటే తగువు. కట్టనివ్వాలా, వద్దా? 1999లో 'ఇళ్లు ఇక చాలు' అన్నవాళ్లు బోర్డు గెలిచారు. పడమటి పొలాల్లో చోటుని బట్టి 10, 20 లేదా 50 ఎకరాలకి ఒక్క ఇల్లే అన్నారు. 2003లో జనం దింపేశారు!

రిటైర్డ్ ఇంజినీర్: ఆ నిబంధనని 2005లో వర్జీనియా సుప్రీంకోర్టు కొట్టేసింది కూడానండీ. ఎందుకో తెలుసా, ముందుగా వేయాల్సిన ప్రకటన సరిగ్గా వేయలేదని. అంత పెద్ద పోరాటం ఒక పేపర్ నోటీసు దగ్గర...

రియల్టర్: నేనూ అదే అంటున్నా! 2011లో తొమ్మిదికి తొమ్మిది సీట్లూ రిపబ్లికన్లవే. 2019కి మెజారిటీ డెమొక్రాట్లది. జెండా మారింది, తగువు మారలేదు.

యాంకర్: బాగుంది. మరి ఇందులో మన ఓటు?

ఇంజినీర్: 2000లో ఈ కౌంటీ జనాభా సుమారు 1.7 లక్షలు. 2020కి 4.2 లక్షలు దాటింది. అలా వచ్చినవాళ్లలో మనమూ ఉన్నాం. మనం కొనుక్కున్నాక మాత్రం, ఇక ఎవరూ కట్టకూడదంటాం.

గృహిణి: నేను ఇళ్లు వద్దనలేదండీ! మోత గురించి...

రియల్టర్: 2019 అంటే గుర్తొచ్చింది. ట్రంప్ కాన్వాయ్‌కి సైకిల్ మీంచి నడిమి వేలు చూపించినావిడ, జూలీ బ్రిస్క్‌మన్. ఉద్యోగం పోయింది, రెండేళ్లకి సూపర్‌వైజర్ అయ్యింది!

యాంకర్: అంటే ఆ వేలే గెలిపించిందా?

ఇంజినీర్: ఒక్క వేలుతో గెలుస్తారా? గడప గడపకీ తిరగాలి.

యాంకర్: హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నరే అయ్యారు. మనవాళ్లు బోర్డుకి ఎందుకు నిలబడరు?

ఇంజినీర్: ఆవిడది రిచ్‌మండ్ వైపండీ, లౌడన్ కాదు. పైగా బోర్డు ఎన్నికలు అధ్యక్ష ఎన్నికల ఏడాదిలో రావు. మన విందుల్లో కూర్చుని అధ్యక్ష ఎన్నికల కోసం పెన్సిల్వేనియా ఓట్లు లెక్కపెట్టేవాళ్లకి సొంత సూపర్‌వైజర్ పేరు తెలియదు.

గృహిణి: నాకు తెలుసు. రెండుసార్లు ఈమెయిల్ పెట్టాను. మోత ఎన్ని డెసిబెల్సో కూడా...

రియల్టర్: డెసిబెల్స్ అంటే, మేడమ్, ఎయిర్‌పోర్టు పక్కన ఇల్లు కొనలేదా జనం? నేనే అమ్మాను!

గృహిణి: అదే నా బాధ!

యాంకర్: టైమ్ అయిపోయింది. చివరిగా ఒక్క ముక్కలో... రియల్టర్ గారూ, మీరు చెప్పండి.

రియల్టర్: ఒక్క ముక్కలో కాదు, మూడు పాయింట్లున్నాయి. మొదటిది, 1999లో...