తాడు రెండో కొస

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లు ఇందాకే చదివారు కాబట్టి మళ్లీ చదవను. 1966లో ఇదే మార్చి 4న జాతీయ భద్రతా మండలి, అంటే పనిచేసే చోట ప్రమాదాలు జరగకుండా చూసే నేషనల్ సేఫ్టీ కౌన్సిల్, పుట్టింది, అందుకే ఈ సభ. ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో సేఫ్టీ కోర్సు ఎలా చదివావో చెప్పమన్నారు. చెబుతాను, కానీ ముందు ఒక రియాక్టర్ సంగతి, అంటే రసాయనాలు కలిపే పెద్ద మూసిన ట్యాంకు సంగతి చెప్పాలి.

నేను మొదట పనిచేసిన మందుల ఫ్యాక్టరీలో ఒక హెల్పర్ రియాక్టర్ కడగడానికి దిగాడు. లోపల నైట్రోజన్. దానికి రంగు లేదు, వాసన లేదు, కనీసం దగ్గు కూడా రాదు. పడిపోయాడు. అన్నా, అన్నా అని అరుస్తూ ఇంకొకడు దిగాడు, అతనూ లేవలేదు. మూడోవాణ్ణి నేను. మ్యాన్‌హోల్‌లో ఒక కాలు పెట్టేశాను, మా ఫోర్‌మన్ కాలర్ పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ రోజు ఆయన్ని తిట్టాను. నేను దిగి ఉంటే ఆ రెండోవాడైనా బతికేవాడేమో అని ఏళ్ల తరబడి కుమిలిపోయాను.

తర్వాత ఆన్‌లైన్‌లో నెబోష్ అనే బ్రిటన్ సంస్థ సేఫ్టీ కోర్సులో చేరాను. బి షిఫ్ట్ దిగి ఇల్లు చేరేసరికి పదకొండు అయ్యేది, పిల్లలు నిద్రపోయేవారు, వంటింట్లో కింద కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని క్లాసు వినేవాణ్ణి, ఇంగ్లీషు అర్థం కాక ఒక్కో ముక్క నాలుగుసార్లు. ఒక రాత్రి మాస్టారు చెప్పారు: గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం ఉంటుంది, నైట్రోజన్ లాంటిది నిండి అది 19.5 శాతం కంటే తగ్గితే మనిషిని దింపకూడదు, మరీ తగ్గితే రెండు మూడు శ్వాసల్లోనే స్పృహ పోతుంది, కాపాడబోయినవాళ్లూ అలాగే పోతారు అని. వీడియో ఆపేశాను. దిగి ఉంటే ముగ్గురం పోయేవాళ్లం. ఆ ఫోర్‌మన్‌కి ఫోన్ చేద్దామంటే అర్ధరాత్రి దాటింది.

అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ కూడా అప్పుడే చదివాను. లోపలి గాలి పరీక్షించి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం ఉండాలి, బెల్టుకు తాడు కట్టాలి, తాడు రెండో కొస బయటున్న మనిషి పట్టుకోవాలి. మా దగ్గర సర్టిఫికెట్టూ లేదు, తాడూ లేదు. ఇలా ఒక రూలు ఉందని కూడా మాకెవరూ చెప్పలేదు.

కోర్సు గురించి ఎక్కువ చెప్పలేకపోతున్నాను, క్షమించండి. ఒక్కటి చెబుతాను. అందులో మీరు పనిచేసే చోటే ప్రమాదాలు అంచనా వేసి రాయాలి. దాన్ని నెట్‌లో చూసి దింపకండి. రాత్రి షిఫ్ట్‌లో తిరిగి, హెల్పర్లతో మాట్లాడి రాయండి.

ముందు వరసలో కూర్చున్న మేనేజర్లకు ఒక మాట. పరీక్షకు నాకు సెలవు దొరకలేదు. సర్టిఫికెట్ వచ్చాక మాత్రం దాన్ని ఆడిట్ ఫైల్లో పెట్టుకున్నారు. అది వదిలేస్తాను. కానీ ట్యాంకులో దిగే కుర్రాళ్లు శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వస్తున్నారు, దిగే ముందు మనం సంతకం పెట్టించే పర్మిట్, అంటే అనుమతి కాగితం, ఇంగ్లీషులో ఉంది. చదవలేని కాగితం మీద వాళ్లచేత సంతకం ఎందుకు పెట్టిస్తున్నాం సార్?

తెలుగులో, ఒడియాలో పర్మిట్ రాయించి తెచ్చాను, గేటు దగ్గర బల్ల మీద ఉంది. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్లండి, రేపు ఉదయం పని మొదలుపెట్టే ముందు సేఫ్టీ గురించి మాట్లాడుకునే టూల్‌బాక్స్ టాక్‌లో చదివి వినిపించండి.