గతం మారిందా, మొదటి నుంచీ అంతేనా: టెలివిజన్ కథల్లో కాలప్రయాణ తర్కం

సభకు నమస్కారం.

కాలప్రయాణం ఇతివృత్తంగా నడిచే టెలివిజన్ సిరీస్ చూడగానే చాలామందికి తోచే మొదటి ప్రశ్న, ఇది నిజంగా సాధ్యమేనా అన్నది. కథ అర్థం కావడానికి ఆ ప్రశ్న పనికిరాదని నా అభిప్రాయం. గతంలోకి తిరిగి వచ్చే దారులున్న ఒక విశ్వాన్ని ఐన్‌స్టీన్ సమీకరణాలు కాదనవని కర్ట్ గోడెల్ 1949లో చూపించారు. అటువంటి దారులను భౌతిక నియమాలే మూసివేస్తాయని స్టీఫెన్ హాకింగ్ 1992లో ప్రతిపాదించారు. ఆ చర్చను శాస్త్రజ్ఞులకు వదిలిపెడదాం. ప్రేక్షకులుగా మనం అడగవలసినవి వేరే ఉన్నాయి. ఈ కథలో గతం మారుతుందా, మారదా? మారే పక్షంలో, మారిన సంగతి ఎవరికి గుర్తుంటుంది? కథ తాను ఇచ్చిన జవాబుకు చివరిదాకా కట్టుబడి ఉందా? నా దృష్టిలో కాలప్రయాణ కథకు పరీక్ష ఇదే. ఉదాహరణల కోసం కొన్ని కథల మలుపులు, ముగింపులు చెప్పక తప్పదు కనుక, వాటిని ఇంకా చూడనివారు మన్నించాలి.

తత్త్వవేత్త డేవిడ్ లూయిస్ 1976లో రాసిన వ్యాసంలో చేసిన ఒక విభజన ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. ప్రపంచమంతటికీ వర్తించే బాహ్యకాలం ఒకటి, ప్రయాణికుడు తన శరీరంతో, జ్ఞాపకాలతో అనుభవించే సొంత కాలం మరొకటి అని ఆయన అన్నారు. 2017లో మొదలైన జర్మన్ సిరీస్ 'డార్క్'లోని మికెల్ అనే బాలుడి సంగతే తీసుకుందాం. విండెన్ అనే కల్పిత పట్టణంలో 2019 నవంబరులో కనిపించకుండా పోయిన ఈ బాలుడు ఒక గుహ గుండా 1986లోకి వచ్చి పడతాడు. అక్కడ ఒక నర్సు దత్తత తీసుకోగా మైఖేల్ అనే పేరుతో పెరుగుతాడు, పెళ్లి చేసుకుంటాడు, యోనాస్ అనే కొడుకును కంటాడు, 2019 జూన్‌లో ప్రాణం తీసుకుంటాడు. క్యాలెండర్ ప్రకారం చూస్తే చావు ముందు వచ్చింది, తప్పిపోవడం సుమారు నాలుగున్నర నెలల తరువాత వచ్చింది. పైగా తండ్రి వయసున్న మైఖేల్, పసివాడైన మికెల్ కొన్నేళ్లపాటు ఒకే ఊళ్లో ఉన్నారు. మికెల్ సొంత కాలంలో మాత్రం ఏ గందరగోళమూ లేదు: బాల్యం, ప్రయాణం, యౌవనం, పెళ్లి, మరణం వరుస తప్పకుండా వచ్చాయి. ఒక కాగితం మీద ఈ రెండు కాలాలకు రెండు గీతలు గీసి సంఘటనలను గుర్తించుకుంటే ఆ సిరీస్‌లో సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

మిగతా సగం గతం స్వభావానికి సంబంధించినది. మొదటి రెండు సీజన్లలో ఆ కథ అనుసరించిన నియమం కఠినమైనది: గతం ఒక్కసారే జరుగుతుంది, ప్రయాణికుడు అక్కడ చేసిన పనులు కూడా అందులో మొదటి నుంచీ కలిసే ఉంటాయి. కొడుకు మికెల్‌ను వెతుక్కుంటూ వెళ్లిన పోలీసు అధికారి ఉల్రిక్ 1953లో తేలతాడు. పెద్దయ్యాక పిల్లలను ఎత్తుకుపోయేవాడు ఇతడేనని నమ్మి, అప్పటికి బాలుడిగా ఉన్న హెల్గెను రాయితో కొట్టి, చనిపోయాడనుకుని వదిలేస్తాడు. హెల్గె బతుకుతాడు, ముఖం మీద మచ్చతో. ఆ మచ్చను మనం అంతకు ముందే, ముసలివాడైన హెల్గె ముఖం మీద చూసి ఉన్నాం. అంటే ఉల్రిక్ ఇంట్లోంచి బయలుదేరకముందే అతడి దెబ్బ ఆ ముఖం మీద ఉంది. గతాన్ని మార్చాలని ఎత్తిన చెయ్యే ఆ గతాన్ని తయారుచేసింది. దర్శకుడు బరన్ బో ఓడర్, రచయిత్రి యాంట్యె ఫ్రీజె ఈ సంగతిని సంభాషణల్లో వివరించకుండా ఒక మచ్చతో చెప్పడం, తర్కం కథలో ఎలా ఇమడాలో చూపే గొప్ప ఉదాహరణ అని నేను భావిస్తాను.

మనిషి గతంలోకి వెళ్లి తన తాతను, ఆయనకు పిల్లలు పుట్టకముందే, చంపగలడా అన్న పాత ప్రశ్నకు లూయిస్ ఇచ్చిన సమాధానం కూడా ఇదే దారిలో ఉంటుంది. తుపాకీ ఉంది, గురి ఉంది, అవకాశం ఉంది, అయినా అతడు చంపడు. కాలు జారవచ్చు, మనసు మారవచ్చు, కారణం ఎంత మామూలుదైనా కావచ్చు. అలాగైతే పాత్రలు కీలుబొమ్మలు కావా అని కొందరు అభ్యంతరం చెబుతారు. నేను ఒప్పుకోను. రాయి ఎత్తమని ఉల్రిక్‌ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ కోపం అతడిది, ఆ తొందరపాటు అతడిది. జరిగిపోయినదానిలో తన పని కూడా ఉన్నంత మాత్రాన అది తన పని కాకుండా పోదు.

అయితే మారని గతానికి తనదైన ఇబ్బంది ఒకటి ఉంది, అది వస్తువుల దగ్గర బయటపడుతుంది. 2009లో ప్రసారమైన అమెరికన్ సిరీస్ 'లాస్ట్' ఐదో సీజన్‌లో రిచర్డ్ అనే పాత్ర లాక్ అనే మరో పాత్రకు ఒక దిక్సూచి ఇస్తాడు. లాక్ 1954లోకి వెళ్లి దాన్ని ఆనాటి రిచర్డ్ చేతిలో పెడతాడు. రిచర్డ్ దాన్ని దశాబ్దాలపాటు దాచి, మళ్లీ లాక్‌కు ఇస్తాడు. ఆ దిక్సూచిని ఎవరు తయారుచేశారు? ఎవరూ చేయలేదు. అంతకన్నా పదునైన ప్రశ్న: ఒక్కో చుట్టులో అది కొన్ని దశాబ్దాల అరుగుదలకు లోనై, మళ్లీ అదే స్థితిలో 1954కు ఎలా చేరుతుంది? చుట్టు పూర్తి కావాలంటే గీతలు, తుప్పు అన్నీ వాటంతట అవే తొలగిపోవాలి. ఒక కబురు లేదా ఆలోచన ఇలా తిరిగితే ఈ చిక్కు లేదు, ఎందుకంటే సమాచారం అరిగిపోదు. 'డార్క్' ఇదే సమస్యను మనుషుల మీదికి తెచ్చింది: షార్లట్ కూతురు ఎలిజబెత్, ఆ ఎలిజబెత్ కూతురే షార్లట్. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏ ఈ ఇద్దరి మధ్యే తిరుగుతూ ఉండాలి, దానికి పూర్వీకులంటూ ఎవరూ ఉండరు. తార్కికంగా ఇందులో వైరుధ్యం లేదు, కానీ మూలం లేని ఉనికిని మనసు అంగీకరించదు. ఆ అసౌకర్యాన్ని కథ దాచిపెట్టకుండా విషాదంగా మలచుకుంది.

గతం మారే కథల్లో లెక్క వేరు. 2016 నాటి దక్షిణ కొరియా సిరీస్ 'సిగ్నల్'లో 2015 నాటి పోలీసు ప్రొఫైలర్ (నేరస్థుల మనస్తత్వాన్ని విశ్లేషించే అధికారి), గతంలోని ఒక డిటెక్టివ్ పాత వాకీటాకీ ద్వారా మాట్లాడుకుంటారు. గతంలో ఒక పని మారగానే వర్తమానంలో కేసు ఫైళ్లు మారిపోతాయి, చనిపోయిన ఒక అధికారిణి బతికి ఉంటుంది. ఇటువంటి కథలో అసలు నియమం జ్ఞాపకానికి సంబంధించినది: ప్రపంచమంతా కొత్త గతాన్నే ఎరిగి ఉండగా ప్రొఫైలర్ మాత్రం పాతదాన్ని కూడా గుర్తుంచుకుంటాడు. ఎందుకని కథ పెద్దగా వివరించకపోయినా, ఆ నియమాన్ని ముందే చూపించింది కనుక మనం దాన్ని పట్టుకుని నడవగలుగుతాం.

ఇక 'డార్క్' ముగింపు. కథలో ప్రళయం సంభవించే తేదీ అయిన 2020 జూన్ 27నే విడుదలైన మూడో సీజన్, అంతవరకూ పాటించిన నియమాన్ని సడలించింది. ప్రళయ క్షణంలో కాలం లిప్తపాటు ఆగుతుందని, అప్పుడు కార్యకారణ సంబంధం తెగుతుందని చెప్పి, ఆ సందులోంచి యోనాస్‌ను, అతడు ప్రేమించిన మార్తాను, కథ నడిచిన రెండు ప్రపంచాలకూ పుట్టుక అయిన మూల ప్రపంచానికి పంపింది. అక్కడ వారు గడియారాల తయారీదారు టన్‌హౌస్ కుటుంబాన్ని కారు ప్రమాదం నుంచి కాపాడతారు. వారిని పోగొట్టుకున్న దుఃఖంతో ఆయన కాలయంత్రం తయారుచేయవలసిన అవసరం ఉండదు, దానివల్ల పుట్టిన రెండు ప్రపంచాలతోపాటు వారిద్దరూ చెరిగిపోతారు. ఆ ప్రపంచాలు నిజంగా చెరిగిపోతే, కారును ఆపినవారు ఎక్కడి నుంచి వచ్చినట్టు? అవి చెరగకుండా, కాలం చీలిపోగా ఏర్పడిన వేరే శాఖలుగా మిగిలి ఉంటే, వారిద్దరూ మాయం కావలసిన పని ఏముంది? రెండింటినీ ఒకేసారి నిలబెట్టడం కుదరదు. శాఖల వివరణే మేలని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ప్రమాదం తప్పడానికి ఒక కారణం అందులో మిగులుతుంది. కానీ దాన్ని ఒప్పుకుంటే, ఆ చుట్టులో చిక్కుకున్న ఉల్రిక్, హెల్గె, ఎలిజబెత్‌ల బాధ ఆ శాఖల్లో ఇంకా కొనసాగుతూనే ఉందని కూడా ఒప్పుకోవాలి.