పండగకి ముందురోజే రండి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివారు, నేను మళ్లీ చదవను. ఆ అయిదు నిమిషాలూ నాకు కావాలి.

నాకిచ్చిన విషయం "ఇజ్రాయెల్‌లో ఒక ఏడాది, యూదుల పండగలు". గుంటూరు వాళ్లకి ఇది మరీ దూరపు మాటేమీ కాదు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతం పాటించే బెనే ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి. వాళ్ల ఇంటి భాష తెలుగే, శనివారం షబ్బాత్, అంటే విశ్రాంతి దినం, పాటిస్తారు. మీలో చాలామందికి పస్కా, పర్ణశాలల పండుగ, వారముల పండుగ అనే పేర్లు తెలుగు బైబిల్లోంచి తెలుసు. పేర్లు తెలుసు, పని తెలియదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఆ పని గురించే.

మన దగ్గర ఇంటర్ పరీక్ష అయిన మర్నాడే ఎంట్రన్స్ కోచింగ్. అమెరికా, బ్రిటన్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో చాలా యూదు కుటుంబాలు బడి అయ్యాక, కాలేజీకి ముందు, పద్దెనిమిదేళ్ల పిల్లల్ని ఒక ఏడాది ఇజ్రాయెల్ పంపుతాయి. అబ్బాయిలు యెషివా అనే మత పాఠశాలలో, అమ్మాయిలు సెమినరీ లేదా మిద్రాషా అనే అలాంటి బడుల్లో చదువుతారు. కొందరు కిబ్బుట్జ్ అనే ఉమ్మడి పల్లెలో పనిచేస్తారు, కొందరు యువజన ఉద్యమాల తరఫున వెళ్తారు. ఆగస్టు చివర, ఎలూల్ నెల మొదట్లో దిగుతారు, జూన్‌లో తిరిగెళ్తారు. పండగల చక్రం ఒక చుట్టు పూర్తిగా చూడాలన్నదే ఆ ఏడాది ఉద్దేశం.

ఎలూల్ నుంచి షావువోత్, అంటే వారముల పండుగ, దాకా వరసగా చెప్పాలని రాసుకొచ్చాను. అంతకన్నా ముందు మనసులో ఉన్న బాధ ఒకటి చెప్పేస్తాను. యెషివాలు, సెమినరీలు సెలవులిచ్చేది సరిగ్గా పండగలప్పుడే. ఉపవాసపు రోజు యోమ్ కిప్పూర్ అయిన మర్నాటి నుంచి హెష్వాన్ నెల మొదలయ్యే వరకు ఒకసారి, పస్కా వచ్చే నీసాన్ నెల దాదాపు మొత్తం ఇంకోసారి. వీటిని "బేన్ హజ్మనీమ్" అంటారు. హాస్టల్ వంటగది మూతపడుతుంది. పండగల కోసమే వచ్చిన కుర్రాడు ఆ పండగల్లోనే బ్యాగు భుజాన వేసుకుని ఇళ్లు వెతుక్కుంటాడు. లేదా నీసాన్‌లో విమానం ఎక్కి ఇంటికి వెళ్లిపోతాడు. ఎవరింట్లోనైనా చోటు దొరికితే దీపాలు వెలిగించే వేళకి చేరుతాడు, తింటాడు, పాడతాడు, పడుకుంటాడు. అది అతిథి చూసే పండగ. అసలు పండగ ముందురోజు ఉంటుంది. ఈ మాట ఇంకో పదిసార్లు అంటాను, విసుక్కోకండి.

ముందు క్యాలెండర్. మన పంచాంగం తెలిసినవాడికి ఇది గంటలో వచ్చేస్తుంది. చంద్రుణ్ని బట్టి నెలలు, ఏడాదికి సుమారు 354 రోజులు. ఋతువులు జరిగిపోకుండా 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల కలుపుతారు. అది అచ్చంగా మన అధిక మాసమే. తేడా ఏమిటంటే మనకి వేర్వేరు నెలలు అధికం కావచ్చు, వాళ్లకి ఎప్పుడూ అదార్ నెలే రెండుసార్లు వస్తుంది. సుక్కోత్ (పర్ణశాలల పండుగ), పస్కా రెండూ నెలలో 15వ రోజున, అంటే నిండు చంద్రుడితో మొదలవుతాయి. రోజు మొదలయ్యేది సూర్యాస్తమయంతో.

ఆ సూర్యాస్తమయం దగ్గరే కొత్తవాళ్లు మొదటి పొరపాటు చేస్తారు. చాలా ఊళ్లలో షబ్బాత్ దీపాలు సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగిస్తారు. యెరూషలేములో 40 నిమిషాల ముందు. ఆ లెక్క తెలియక బయల్దేరితే, బస్సులు ఎప్పుడో మధ్యాహ్నమే తగ్గిపోయి ఉంటాయి, మళ్లీ మర్నాటి రాత్రి చుక్కలు పొడిచే దాకా ఉండవు. వెళ్లే ఇంటి చిరునామా, ఎన్నో అంతస్తు, తలుపు మీది పేరు కాగితం మీద రాసుకోవాలి. పండగ మొదలయ్యాక ఫోను తీయకూడదు, దారి అందులోనే ఉండిపోతే వీధిలో నిలబడిపోతారు. సైరన్ మోగితే ఆ భవనంలో ఆశ్రయ గది ఎక్కడుందో కూడా చేరగానే అడిగి తెలుసుకోవాలి.

రెండో పొరపాటు రోజుల లెక్కలో. ఇజ్రాయెల్‌లో పస్కా, షావువోత్, సుక్కోత్ పండగల మొదట్లో నిషేధాలున్న పూర్తి రోజు ఒక్కటే, బయటి దేశాల్లో రెండు. మరి న్యూయార్క్ నుంచి ఏడాదికి వచ్చినవాడికి ఎన్ని? రెండు పాటించాలని చాలామంది పండితులు, ఒకటి చాలని కొందరు, మధ్యేమార్గంగా ఒకటిన్నర అని ఇంకొందరు అంటారు. ఇది ఎలూల్‌లోనే తమ రబ్బీని, అంటే మతగురువుని, అడిగి తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే రెండో రోజు పొద్దున ఇంటివాళ్లు కారు తీసి విహారానికి బయల్దేరుతుంటే, వీళ్లు వంటగదిలో పొయ్యి ముట్టించొచ్చో లేదో తెలియక నిలబడతారు. కొత్త సంవత్సరం పండగ రోష్ హషానా మాత్రం ఎక్కడైనా రెండు రోజులే.

రోష్ హషానా రాత్రి బల్లమీద పెట్టేవి చూస్తే మన వంటింటి సరుకే. ఖర్జూరం, దానిమ్మ, సొరకాయ, బీట్‌రూట్, బొబ్బర్లు, చేప తల, తేనెలో ముంచిన ఆపిల్. ఒక్కోదానికి ఒక్కో ప్రార్థన ఉంటుంది, చాలావాటికి అది పేరులోని శబ్దాన్ని పట్టుకునే. పొద్దున కొమ్ముబూర, షోఫార్, 100 సార్లు ఊదుతారు. తరవాత యోమ్ కిప్పూర్, 25 గంటలు నీళ్లు కూడా లేని ఉపవాసం. మధ్యాహ్నానికి తల పగిలేది ఆకలితో కంటే కాఫీ మానడంతోనే ఎక్కువ. నాలుగయిదు రోజుల ముందు నుంచి కప్పు కప్పూ తగ్గించుకోవాలి. తోలు చెప్పులు వేసుకోరు, కాబట్టి గుడ్డ బూట్లు ముందే చూసుకోవాలి. ఆ రోజు విమానాశ్రయం మూసేస్తారు, హైవేల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు.

ఉపవాసం విడిచిన ఆ రాత్రే సుక్కాకి, అంటే సుక్కోత్ పండగకి వేసే పందిరికి, మొదటి గుంజ పాతడం ఆచారం. నా మాట వినే పిల్లలెవరైనా ఉంటే ఆ రాత్రి బ్యాగు సర్దకండి, సుత్తి పట్టుకోండి. నాలుగు రోజులే ఉన్నాయి.

ఈ సభలో చేత్తో పందిరి వేసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. మీకు సగం పని వచ్చు. కానీ మన పందిరి వాన కారకుండా కప్పుతాం, వాళ్లది వాన దిగాలి. ఎండకన్నా నీడ ఎక్కువ ఉండాలి, కానీ వాన చుక్క లోపలికి రాలేనంత మందంగా ఉంటే పనికిరాదని చాలామంది పండితుల మాట. రాత్రి సందుల్లోంచి చుక్కలు కనబడాలి.

పని వరస ఇది. ముందు తల పైకెత్తి ఆకాశం చూడాలి. పై అంతస్తు బాల్కనీ గాని, చెట్టుకొమ్మ గాని అడ్డు ఉండకూడదు. అందుకే యెరూషలేములో కొత్త ఇళ్ల బాల్కనీలు ఒకదానిమీద ఒకటి పడకుండా మెట్లుమెట్లుగా కడతారు. అమ్మకం ప్రకటనల్లో "సుక్కా బాల్కనీ" అని ప్రత్యేకంగా వేస్తారు కూడా. తరవాత గోడలు. కనీసం రెండు నిండు గోడలు, మూడోది కొంచెం, ఎత్తు పది తెఫాహ్‌లకి తగ్గకూడదు. తెఫాహ్ అంటే మన బెత్తెడు, సుమారు 8 సెంటీమీటర్లు. అంటే 80 సెంటీమీటర్లు. గోడలు నిలిచాకే పైకప్పు పరచాలి, తిరగేసి చెయ్యకూడదు.

విద్యార్థులు ఎక్కువగా కొనేది ఇనప గొట్టాలకి గుడ్డ తగిలించే రకం. దాంట్లో ఏం తప్పవుతుందో చెప్తాను, ఎందుకంటే ఏటా అదే తప్పవుతుంది. గుడ్డని పైన మాత్రం కట్టి కింద వదిలేస్తారు. సాయంత్రం కొండగాలికి అది తెరచాపలా ఊగుతుంది. మామూలు గాలికి ఊగే గోడ గోడ కాదన్నది నియమం. దీనికి మందు చవక. గుడ్డ లోపలి వైపు, గుంజ నుంచి గుంజకి పట్టీలు బిగించి కట్టాలి, నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తు దాకా. రెండు పట్టీల మధ్య మూడు బెత్తెలు, అంటే 24 సెంటీమీటర్లు, ఉండకూడదు, తక్కువే ఉండాలి. మూడు బెత్తెలకి లోపలి సందు మూసినట్టే లెక్క, దీన్ని "లావూద్" అంటారు. అలా నాలుగు పట్టీలు బిగిస్తే గుడ్డ ఊగినా ఆ పట్టీలే గోడ. ఆ పట్టీల ఖరీదు ఎంతనుకున్నారు, ఒక పూట భోజనం ఖర్చు కూడా కాదు!

పైకప్పు, "స్ఖాఖ్", నేలలో మొలిచి కోసినదై ఉండాలి, వస్తువుగా తయారైనది కాకూడదు. ఖర్జూరపు మట్టలు, వెదురు, యూకలిప్టస్ కొమ్మలు పనికొస్తాయి. పడుకోవడానికి అల్లిన చాప పనికిరాదు, ఎందుకంటే అది పాత్రలాంటి వాడుక వస్తువు, అశుద్ధి అంటుకునే జాతి. అందుకే సుక్కా కోసమే అల్లిన వెదురు చాప, ధ్రువపత్రం చూసి కొంటారు. ఆ చాప ఇనప గొట్టాల మీద నేరుగా ఆనకుండా మధ్యలో చెక్క బద్దలు వేస్తారు.

ఇంకో పండగ సరుకు నాలుగు జాతులు. ఒక దబ్బపండు, అదే ఎత్రోగ్. ఇంకా విచ్చుకోని ఖర్జూరపు మొవ్వమట్ట ఒకటి, లులావ్. హదాస్, అంటే మర్టల్ అనే సువాసన మొక్క, రెమ్మలు మూడు, ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు సరిగ్గా ఒకే ఎత్తులో ఉన్నవి. నిరవంజి కొమ్మలు రెండు. పండగ ముందు బజార్లో మగవాళ్లు భూతద్దం పెట్టి ఎత్రోగ్ కొనకేసి చూస్తుంటారు. కొన దగ్గర చిన్న మచ్చ ఉన్నా వద్దంటారు. మొగ్గలాంటి ఆ కొన, "పితామ్", పుట్టుకతోనే లేకపోతే దోషం లేదు, ఉండి విరిగితే దోషం. అందుకే నార పొత్తిలో పెట్టి పసిబిడ్డని తెచ్చినట్టు తెస్తారు. నిరవంజి రెండు మూడు రోజుల్లోనే వాడి నల్లబడుతుంది. తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి, పండగ మధ్యలో కొత్తవి కొనాలి.

కుడిచేతిలో లులావ్, దాని వెన్ను మనవైపు, హదాస్ కుడిపక్క, నిరవంజి ఎడమపక్క. ఎడమచేతిలో ఎత్రోగ్ తలకిందులుగా. ఎందుకు తలకిందులు? ఆశీర్వాదం పనికి ముందు చెప్పాలి. నాలుగూ సరైన దిక్కున ఎత్తిన క్షణానే పని అయిపోతుంది. అందుకని పండు తిరగేసి పట్టుకుని, మంత్రం చెప్పి, అప్పుడు నిలబెట్టి, నాలుగు దిక్కులకీ పైకీ కిందికీ కదుపుతారు. మొదటి రోజు అవి చేసేవాడి సొంతమై ఉండాలి, అరువు చెల్లదు. ఒక గదిలో అయిదుగురికి ఒకటే ఉంటే? "తిరిగిచ్చే షరతుతో బహుమతి" అని నోటితో చెప్పి ఇస్తారు. తీసుకున్నవాడు అదే మాటతో వెనక్కి ఇస్తాడు. షబ్బాత్ నాడు మాత్రం వీటిని ముట్టరు.

పండగ చివర, తిష్రీ నెల 22న, సిమ్‌హత్ తోరా. తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, చుట్టలు భుజాన పెట్టుకుని నాట్యం చేసే రోజు. హమాస్ దాడి జరిగిన 2023 అక్టోబరు 7 ఆ రోజే. ఇప్పుడు అక్కడికి వెళ్లే పిల్లలు నాట్యాన్నీ దుఃఖాన్నీ ఒకే గదిలో చూస్తారు. ఇంటివాళ్లు మౌనంగా ఉంటే మౌనంగా ఉండండి, లేచి ఆడితే మీరూ లేవండి.

అధ్యక్షులవారు పది నిమిషాలని చీటీ పంపారు. సుక్కా దగ్గరే నా సమయం అయిపోయింది, అయినా పస్కా చెప్పకుండా దిగను. శీతాకాలానివి రెండు ముక్కలు చెప్పి అక్కడికి వెళ్తాను. దీపాల పండగ హనుక్కాకి ఎనిమిది రాత్రుళ్లకి 44 వత్తులు కావాలి, అంగడి పెట్టెలో అన్నే ఉంటాయి. శుక్రవారం మాత్రం ఆ చిన్న రంగు కొవ్వొత్తులు చాలవు. ఆ రోజు షబ్బాత్ దీపాలకి ముందే వెలిగించాలి, చుక్కలు పొడిచాక ఇంకో అరగంట వెలగాలి, చిన్నవి అప్పటికే ఆరిపోతాయి. ఆ ఒక్క రోజుకీ నూనె పోసుకోవాలి. ఎస్తేరు కథని తలచుకునే పూరీమ్ పండగ దేశమంతా అదార్ 14న, యెరూషలేములో 15న. యెహోషువ కాలం నుంచి ప్రాకారమున్న ఊళ్లకి రోజు వేరు. ఈ ఒక్క రోజు తేడాని దగ్గరుండి చూసే అవకాశం ఆ ఏడాదిలోనే.

ఇక నీసాన్. అమ్మల్లారా, మీ పిల్లల్ని ఆ నెలలో ఇంటికి రమ్మనకండి. విమానం టిక్కెట్టు కొనకండి. పండగకి పదిరోజుల ముందు ఒక ఇంటి వంటగదిలో వాళ్లని నిలబెట్టమని అడగండి. హామెత్స్, అంటే పులిసిన పిండి సరుకు, గింజంత మిగలకుండా ఇల్లు తోమడంలో రెండు చేతులు ఎక్కువైతే ఏ గృహిణీ వద్దనదు.

గరిటెల్ని పస్కాకి పనికొచ్చేలా చేయడం, హగాలా, ఇలా ఉంటుంది. జిడ్డు లేకుండా తోమి 24 గంటలు వాడకుండా ఉంచాలి. పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా ముంచాలి, వెంటనే చన్నీళ్లలో కడగాలి. అన్నీ ఒకేసారి పడేస్తే తెర్లు ఆగిపోతుంది, అప్పుడు ముంచినది లెక్కలోకి రాదు. రెండు మూడేసి వేసి మళ్లీ పొంగనివ్వాలి. పటకారు పట్టిన చోట నీళ్లు తగలవు, కాబట్టి పట్టు మార్చి ఇంకోసారి ముంచాలి. పింగాణీ దీనికి లొంగదు. పిడి చుట్టూ సందున్నవి, అందులో పిండి దాగినవి పక్కన పెట్టేయాలి.

తిండి దగ్గర తెలుగువాళ్లు చెవులు రిక్కించాలి. యూరప్ మూలాలున్న అష్కెనాజీ ఇళ్లలో పస్కా వారమంతా బియ్యం, కందిపప్పు, మినుములు, శనగలు, చివరికి ఆవాలు కూడా ఉండవు. వీటిని కిత్నియోత్ అంటారు. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీ ఇళ్లలో చాలావరకు తింటారు. అందుకే కొట్లో ప్యాకెట్ల మీద "కిత్నియోత్ తినేవారికి మాత్రమే" అని ఉంటుంది. తినే ఇంట్లో పని చూడాలి! తెల్లటి పళ్లెంలో గుప్పెడు గుప్పెడు బియ్యం పోసి, వేలితో జరుపుతూ, గోధుమ గింజ దొరుకుతుందేమోనని మూడుసార్లు ఏరుతారు. మన అమ్మమ్మలు రాళ్లేరినట్టే. ఆ పళ్లెం ముందు ఒక గంట కూర్చుంటే పస్కా అర్థమైనట్టే.

ముందురోజు రాత్రి దీపం పట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. దొరకడానికి ఏదో ఒకటి ఉండాలని పది రొట్టెముక్కలు కాగితంలో చుట్టి దాస్తారు. ఎక్కడ దాచారో తప్పక రాసుకోవాలి, తొమ్మిదే దొరికితే రాత్రంతా వెతుకులాటే. మర్నాడు, నీసాన్ 14 ఉదయం, పగటిని పన్నెండు భాగాలు చేస్తే నాలుగో భాగం దాకానే పులిసినది తినొచ్చు, అయిదో భాగం ముగిసేలోపు కాల్చేయాలి. యెరూషలేము పేటల్లో వీధి చివర రేకు డబ్బాల్లో మంటలు వేస్తారు, ఇంటింటి నుంచి పొట్లాలు తెచ్చి పడేస్తారు.

ఆ మంటకి కట్టె ఎక్కడిదో చెప్పి దిగిపోతాను. సుక్కోత్ అయ్యాక చాలామంది లులావ్‌ని పారేయరు. బీరువా మీదో తలుపు వెనకో ఆరు నెలలు ఎండనిస్తారు, పస్కా ముందు పొద్దున హామెత్స్ కాల్చే మంటకి దాన్నే వేస్తారు. నీసాన్‌లో విమానమెక్కిన పిల్లల లులావ్‌లు హాస్టల్ బీరువాల మీద అలాగే ఉండిపోతాయి. ఉన్న పిల్లలు ఆ పొద్దున వీధిలోకి తెస్తారు. తెచ్చేటప్పుడు మట్టని రెండుగా విరిచి తీసుకెళ్లండి. ఎండిన ఖర్జూరపాకు ఒక్కసారిగా భగ్గుమంటుంది, చెయ్యి దూరంగా పెట్టండి.